సద్దగుంట క్షేత్ర పరిశీలన

కొత్త ప్రకాశం జిల్లా పశ్చిమ మండలాల్లో తాగునీటి సమస్యను సంపూర్ణంగా పరిష్కరించినట్లు ఒక విశ్వవిద్యాలయపు భూగోళశాస్త్ర విభాగం సగర్వంగా ప్రకటించింది. నీళ్లొచ్చాయనుకునేరు, అంత తొందరపడకండి. నీళ్లు ఎక్కడెక్కడ లేవో చూపించే మ్యాప్ వచ్చింది. అది రంగుల్లో ఉంది.

ఆ మ్యాప్ గీసినవాళ్లలో కోటమ్మ ఒకతె. కొనకనమిట్ల మండలంలో సద్దగుంట ఆమె ఊరు. ఆ ఊరి నుంచి విశ్వవిద్యాలయం దాకా వచ్చిన మొదటి పిల్ల. ఎమ్మెస్సీలో జీఐఎస్ చదువుతోంది, అంటే భూమిని కంప్యూటర్లోకి ఎక్కించే విద్య. విభాగంలో కంప్యూటర్లు పన్నెండున్నాయి. దుమ్ము పడితే పాడవుతాయని వాటికి ప్లాస్టిక్ ముసుగులు తొడిగి, తాళ్లతో కట్టి భద్రంగా కాపాడుతున్నారు. అందుకని మౌస్ ఎట్లా కదపాలో విద్యార్థులు నోట్సులో రాసుకుని బట్టీ పట్టేవారు.

నోట్సు చెప్పేది ఆచార్య ఉమామహేశ్వర్లు గారు. ఇరవై రెండేళ్లుగా అవే కాగితాలు, అదే గొంతు. బిందువుకు పొడవూ వెడల్పూ ఉండవు, గీతకు పొడవే ఉంటుంది, బహుభుజికి మాత్రం వైశాల్యం ఉంటుంది. ప్రతి పరీక్షలో మొదటి ప్రశ్న ఇదే. కోటమ్మకు ఇందులో ఏనాడూ అరమార్కు తగ్గలేదు.

జిల్లాల సరిహద్దులు మారాక పాత మ్యాపులు పనికిరాకుండా పోయాయి. ఏ ఊరికెన్ని ట్యాంకర్లు పంపాలో తేల్చే కొత్త మ్యాప్ కావాలని పైనుంచి విభాగానికి కబురొచ్చింది. కంప్యూటర్ల ముసుగులు తీశారు. ఊరి వైశాల్యాన్ని బట్టి ట్యాంకర్లు. యాభై ఇళ్లు, ఆపైన ఉంటే బహుభుజి, తక్కువుంటే బిందువు. ఆచార్యులవారి నియమం అది. సద్దగుంటలో ఇళ్లు ముప్పై ఎనిమిది. కోటమ్మ ఇంకోసారి లెక్కపెట్టింది. నియమం నియమమే కదా అనుకుని సొంత ఊరి మీద తానే చుక్క పెట్టింది. నిష్పక్షపాతమంటే ఇదీ అని సార్ భుజం తట్టారు.

సద్దగుంటకు మైలున్నర దూరంలో పలకరాయి తుక్కు దిబ్బ ఒకటుంది. గని మూతపడి ఏళ్లయింది. విరిగిన పలకలు ఎండకు తళతళలాడుతుంటాయి. పైనుంచి శాటిలైట్ చూసింది, వాటిని ఇంటికప్పులనుకుంది. రెండొందల ఇళ్లని లెక్కగట్టింది. దిబ్బ బహుభుజి అయింది. దానికి 'కొత్త ఆవాసం' అని పేరుపెట్టి, రోజుకు మూడు ట్యాంకర్లు మంజూరు చేశారు.

ఏప్రిల్ మొదటివారంలో సద్దగుంటకు ట్యాంకర్ ఆగిపోయింది. డ్రైవర్ విధి నిర్వహణలో మహా నికార్సు మనిషి. దిబ్బ దగ్గర బండి ఆపి, వాల్వు తిప్పి, రాళ్లమీద నీళ్లన్నీ వదిలి, ఫొటో తీసి పంపి మరీ కదిలేవాడు. కోటమ్మ నాయన చిన్నమల్లయ్య ఫోన్ చేశాడు.

"అమ్మా, రాళ్లకు నీళ్లు పోసి పోతుండాడు. మనకేమో బిందెడు గూడా లేవు. ఇదేందో మీ సారునడుగు."

కోటమ్మ అడిగింది. సార్ విసుక్కోలేదు, ఓపిగ్గా పాఠం మొదటినుంచీ చెప్పారు. వైశాల్యమే లేనిచోట ట్యాంకర్ ఎక్కడ నిలబడుతుందమ్మాయ్ అన్నారు. మ్యాప్ మీద సంతకాలైపోయాయి, తప్పులుంటే క్షేత్ర పరిశీలనలో తేలతాయన్నారు. జిల్లా ఆఫీసుకు పోతే, మ్యాప్ గీసినవాళ్లనే అడగమన్నారు. గీసింది తనేనని చెప్పకుండానే కోటమ్మ తిరిగొచ్చింది.

సద్దగుంట జనం పరిశీలన కోసం కూర్చోలేదు. బిందెలెత్తుకుని దిబ్బకు నడిచారు. రోజూ మైలున్నర మోయలేక కొందరు అక్కడే పట్టలు కట్టుకుని గుడిసెలేశారు. మేకలు వచ్చాయి, పొయ్యిలు వెలిగాయి. మే నెల దాటేసరికి ముప్పై ఏడు ఇళ్లవాళ్లు దిబ్బమీదే కాపురం. ఊళ్లో మిగిలింది కోటమ్మ అవ్వ ముసలమ్మ ఒక్కతే. మోకాళ్లు పనిచేయవు, మెట్టిన ఇల్లు వదలనంది. చిన్నమల్లయ్య రోజూ తల్లికి ఒక బిందె మోసుకొచ్చి పోతున్నాడు.

జూన్‌లో పరిశీలన బృందం జీపులో వచ్చింది. ట్యాబ్ పట్టుకుని కోటమ్మ వెనకసీట్లో కూర్చుంది. దిబ్బమీద పొగ, మేకలు, బిందెల వరస చూసి ఆచార్యులవారు జీపు పూర్తిగా ఆగకముందే దిగారు.

"మనిషి పొరబడతాడు. ఉపగ్రహం పొరబడదు. ఇక్కడ ప్రజలున్నారని ప్రజలకంటే ముందు కనిపెట్టిందది!"

బృందం చప్పట్లు కొట్టింది. సద్దగుంటలో ఎవరూ లేరని కూడా తేలిపోతే మ్యాప్ నూటికి నూరుపాళ్లు సరైనట్లేనని, దిబ్బకు ట్యాంకర్లు శాశ్వతమవుతాయని సార్ జీపులో సెలవిచ్చారు. ఒక్క మనిషి కనిపించినా మ్యాప్ తప్పు. మళ్లీ గీసి సంతకాలయ్యేదాకా రెండుచోట్లా ట్యాంకర్లు బంద్.

సద్దగుంటలో ముసలమ్మ అరుగుమీద కూర్చుని ఉంది. సార్ ట్యాబ్ చూసుకుని, ఇక్కడ నివాసం లేదమ్మా అని మర్యాదగా తెలియజేశారు.

"లేకపోతే నువ్వు ఎవురితో మాట్లాడుతుండావు నాయనా?" అంది ముసలమ్మ.

సార్ ఫొటో తియ్యమ్మాయ్ అని జీపు వైపు నడిచారు. ఖాళీ ఊరి ఫొటోలో మనుషులు పడకూడదు. కోటమ్మ అవ్వ దగ్గరికి పోయి వంగి చెవిలో చెప్పింది.

"అవ్వా, రోంత గోడెనక్కి పో. నువ్వు ఫొటోలో పడితే దిబ్బకాడ నీళ్లు ఆపేస్తారు."

"అందరికీ ఆపేస్తారా?"

"అందరికీ."

ముసలమ్మ మనవరాలి మొహంలోకి చూసింది. కర్ర ఊతంగా లేచి, ఒక్కో అడుగూ వేసుకుంటూ గోడ వెనక్కి పోయి నిలబడింది. కోటమ్మకు దుఃఖం ఆగలేదు. ఏడుస్తూనే నొక్కింది. ఫొటో మాత్రం స్పష్టంగా వచ్చింది.

మర్నాడు పేపర్లో ఆ ఫొటో వేశారు. జనంలేని ఊరికి వృథాగా పోతున్న నీళ్లను ఆపిన శాస్త్రవిజ్ఞానం అని కింద రాశారు. మనమంతా టీ తాగుతూ చదివాం. ఇన్నాళ్లకు ఒక మంచిపని చేశారని మెచ్చుకున్నాం కూడా. ఆ గోడ వెనక ఎవరైనా ఉన్నారేమోనని మనలో ఒక్కరం కూడా అడగలేదు.