వల్లెపు మొగిలి ఇంటి రివైజ్డ్ ప్లాన్లు

వల్లెపు మొగిలి ఇంటి కప్పు మే నెలలో జానెడు కిందికి దిగింది, ఆగస్టులో ఇంకో జానెడు దిగింది. రెండుసార్లూ అతను వారంలోగా మున్సిపల్ ఆఫీసుకెళ్ళి రివైజ్డ్ ప్లాన్ దాఖలు చేశాడు. కప్పు దిగడంలో ఆఫీసువారికి అభ్యంతరమేమీ లేదు. పాత ఎత్తు, కొత్త ఎత్తు పక్కపక్కనే రాసి సంతకం పెట్టాలి, అంతే. మూడు కాపీలు.

ఆ ఇల్లు కట్టింది మెక్సికో నుంచి వచ్చిన ఇట్సెల్ అనే ఆర్కిటెక్టు. వాళ్ళ నగరంలో ఒక పేట పేటంతా గడ్డకట్టిన లావా మీద ఉందట. అక్కడివాళ్ళు ఆ నల్లరాయిని చదును చేయరు. రాయి లేచినచోట గోడను పక్కకు జరుపుతారు, గుంట ఉన్నచోట వాకిలి పెడతారు. హైదరాబాద్ శివారులో మొగిలి కొన్న జాగా చూడగానే ఇట్సెల్‌కు ప్రాణం లేచొచ్చింది. మూడు వైపులా ఏనుగులంత రాతిగుండ్లు మరి! ఆ గుండ్ల ఎత్తుకు సరిపోయేలా కప్పు లేపింది. వాటి లేత ఎరుపు రంగే గోడలకు పూయించింది. నట్టింట ఒక బండను ఉన్నచోటే ఉంచి, దాని మీద ఆకాశం కనిపించేలా కప్పు లేకుండా వదిలేసింది. దరఖాస్తులో 'ఈ నిర్మాణం పరిసరాలకు ఎల్లప్పుడూ స్పందించును' అనే గడి దగ్గర టిక్కు పెట్టమంది. మొగిలి పెట్టాడు. గుండ్లు ఎక్కడికి పోతాయిలే అనుకున్నాడు.

మొగిలిది తాతల కాలం నుంచీ రాళ్ళు కొట్టే వడ్డెర కుటుంబం. ఇప్పుడతనికి సొంత కంప్రెసర్, పేలుళ్ళ లైసెన్సు, పదిహేనుమంది పనివాళ్ళు ఉన్నారు. చుట్టుపక్కల టవర్లు కట్టేవాళ్ళంతా గుండ్లు తీయడానికి అతన్నే పిలుస్తారు. అలాంటి మనిషికి గుండ్లు ఎక్కడికీ పోవని ఎలా అనిపించిందో ఏ ఫైల్లోనూ లేదు.

మేలో అతను ఇంటికి పడమట టవరు స్థలంలోని గుండ్లు తీశాడు. తెల్లారేసరికి కప్పు దిగింది, గోడల ఎరుపు పోయి టవర్ల బూడిదరంగు వచ్చింది. ఆగస్టులో ఉత్తరం వైపువి తీశాడు. కిటికీలన్నీ ఎదుటి టవరు బాత్రూము వెంటిలేటర్లంత అయ్యాయి. భార్య సారలక్ష్మి ఇదంతా నోటుబుక్కులో రాసిపెట్టింది. ఫారం నింపేటప్పుడు వెతుక్కోనక్కర్లేదు కదా.

సెప్టెంబరులో బడివాళ్ళిచ్చిన ఆరోగ్యకార్డును ఆవిడ రెండుసార్లు చదివింది. కూతురు నవనీతకు పన్నెండేళ్ళు. జూన్‌లో నాలుగడుగుల పదకొండు అంగుళాలున్న పిల్ల ఇప్పుడు నాలుగడుగుల ఏడుంది.

"ఏందయ్యా ఇది, ఎదగాల్సిన పిల్ల తగ్గుతాంది!" అని ఏడ్చింది సారలక్ష్మి.

డాక్టరు చూసి పిల్లకు ఏ జబ్బూ లేదన్నాడు. మొగిలి భయపడుతూనే ఇట్సెల్‌కు వీడియోకాల్ చేశాడు. ఆవిడ తెలుగు నేర్చుకుంది మేస్త్రీల దగ్గర.

"ఇల్లు దాని పని అది మంచిగనే చేస్తాందన్నా. సుట్టుపక్కల ఏమన్న మారిందా?" అంది. మొగిలి ఫోన్ కెమెరాను కిటికీ మీంచి గోడ వైపు తిప్పాడు. "మా దగ్గర లావా అట్లనే ఉంది. అందుకే ఇండ్లు గూడ అట్లనే ఉన్నయ్. మీ దగ్గర గుండ్లు తీసిందెవరన్నా?"

సిగ్నల్ సరిగా లేదని మొగిలి ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు మున్సిపల్ ఆఫీసులో సెక్షన్ ఆఫీసరు శంకర్‌లింగం ఫైలు తిరగేసి, నివాసులు కూడా నిర్మాణంలో భాగమేనని చెప్పాడు.

"మరి నేను, నా భార్య తగ్గలేదు గద సార్?"

"మీరు పాత నిర్మాణం కిందికొస్తరు. పాతదానికి మినహాయింపుంది."

"ఆ టిక్కు తీసెయ్యరాదా సార్? ఒక్కతే బిడ్డ."

"తీసేస్తం. పరిసరాల నుంచి నిరభ్యంతర పత్రం తేవాలె. గుండ్లు ఎన్నున్నయ్?"

"ఇంటి బయట ఒక్కటే మిగిలింది సార్, తూర్పు దిక్కు."

"ఇంకేం మరి, ఒక్క సంతకంతోటి అయిపోతది."

గుండు సంతకానికి పద్ధతి ఉంది. రాయి కొట్టే ముందు మొగిలి ఇంటివాళ్ళు సుత్తెతో మూడుసార్లు తట్టి వింటారు. ఖంగుమంటే రాయి గట్టిది, డొల్లగా పలికితే లోపల పగులుంది. ఖంగుమన్నదని లైసెన్సున్నవాడు విని రాసిస్తే ఆఫీసు దాన్నే సంతకంగా తీసుకుంటుంది. మొగిలి వెళ్ళి తట్టాడు. గుండు ఖంగుమంది. అతనికి సంతోషంతో ఏడుపొచ్చినంత పనైంది. రాసిచ్చిన కాగితం మీద శంకర్‌లింగం ముద్ర వేసి, ఇరవైయొక్క పనిదినాల్లో తనిఖీ ఉంటుందనీ, ఆ రోజు సంతకందారు, అంటే గుండు, స్థలంలో హాజరుగా ఉండాలనీ చెప్పాడు.

తూర్పు గుండు తీయాల్సిన వర్క్ ఆర్డరు అంతకు నెల ముందే మొగిలి చేతికొచ్చింది. గడువు శుక్రవారం. తనిఖీ అయ్యేదాకా ఆగమని అక్కడి టవరు సైటు ఇంజనీరును బతిమాలాడు.

"నువ్వు రాకుంటే వేరేటోళ్ళొస్తరు మొగిలన్నా, మాకేం?" అన్నాడు ఇంజనీరు.

మొగిలి రెండు రోజులు అన్నం ముట్టలేదు. గురువారం సాయంత్రం భార్యతో, "వేరేటోళ్ళొస్తే రాతి చిప్ప గూడ మిగల్నియ్యరు. నేనే కొడ్త. తనిఖీకి ఒక ముక్కన్న కాపాడ్త" అన్నాడు.

"వద్దయ్యా, నీ కాళ్ళు మొక్కుత. ఒక్క పని ఒదులుకుంటే సచ్చిపోతమా?"

"నేనొదులుకుంటే గుండు ఉంటదా?"

శుక్రవారం మొగిలే దగ్గరుండి పేల్చాడు. మోకాలెత్తు ముక్కనొకదాన్ని జాగ్రత్తగా పక్కన పెట్టించి టార్పాలిన్ కప్పాడు. ఇరవైయొకటో పనిదినాన శంకర్‌లింగం వచ్చి టార్పాలిన్ ఎత్తి చూశాడు. 'సంతకందారు హాజరు కాలేదు. స్థలంలో ఉన్నది కంకర' అని రాసుకుని, ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. అప్పటికే ఇంటి కప్పు ఇంకో జానెడు దిగింది. నట్టింట ఆకాశం మూసుకుపోయి అక్కడ ట్యూబ్‌లైటు వచ్చింది. నవనీత నాలుగడుగుల మూడంగుళాలుంది.

ఆదివారం పాత యూనిఫారం నేల మీద ఈడ్చుకుపోతోందని ముగ్గురూ చౌరస్తా దగ్గర బట్టల షాపుకు వెళ్ళారు. పిల్ల సంగతి ఎలా చెప్పాలా అని సారలక్ష్మి దారంతా మాటలు వెతుక్కుంది. ఆమె నోరు తెరిచేలోపే షాపతను నవనీతను కనీసం తలెత్తి చూడకుండా, "ఏ టవరమ్మా?" అన్నాడు.

"టవరు కాదు, సొంతిల్లు."

"పక్కనున్నదేదో చెప్పండి, చాలు."

సారలక్ష్మి చెప్పింది. అతను వెనక్కి తిరగకుండానే చెయ్యి చాపి దొంతిలోంచి ఒక ప్యాకెట్టు తీసిచ్చాడు. నవనీత లోపలికెళ్ళి వేసుకొచ్చి అద్దం ముందు నిలబడింది. అక్కడ అప్పటికే ఐదుగురు పిల్లలు కొత్త యూనిఫారాల్లో ఉన్నారు. ఆరుగురి భుజాలూ ఒకే ఎత్తులో ఉన్నాయి.

"సరిపోయిందయ్యా" అంది సారలక్ష్మి, కళ్ళు తుడుచుకుంటూ. "ఎక్కడా పట్టలేదు, వదులూ లేదు."

మొగిలి హమ్మయ్య అనుకుని, అదే సైజులో ఇంకో జత ఇమ్మన్నాడు.