చుట్టకు పోయిన మీసం

మనిషి చుట్టను పట్టుకుంటాడా, చుట్టే మనిషిని పట్టుకుంటుందా అన్న సందేహం ఓబుళయ్యను ఏళ్ళ తరబడి వదల్లేదు. ఆయన నంద్యాలలో వేరుశనగ మండీ గుమాస్తా. రోజూ పొద్దున పూజ ముగించి, "ఈ పాడు చుట్ట మాన్పించు సామీ" అని నరసింహస్వామికి దణ్ణం పెట్టేవాడు. ఆ వెంటనే పెరట్లోకి వెళ్ళి ఒకటి ముట్టించేవాడు. దగ్గు చూసి డాక్టరు భయపెట్టాడు. భార్య చెంచమ్మ ఏడ్చింది, అలిగింది, మంచం వేరే గదిలో వేసుకుంది. దేనికీ చుట్ట ఆరలేదు. మరి మానాలనే బుద్ధి మనిషికి ఎక్కణ్ణుంచి పుడుతుంది?

కర్నూలు నుంచి రాజధాని హైదరాబాదుకు తరలిపోయిన మరుసటి ఏడు మాత్రం గట్టి కారణమే వచ్చింది. ఆళ్ళగడ్డలో కూతురి అత్తగారింట మనవడికి పుట్టెంట్రుకలు తీస్తున్నారు. అందుకు పిల్లవాణ్ణి మేనమామ ఒడిలో కూర్చోబెట్టాలి. ఓబుళయ్యకు కొడుకులు లేరు గనుక ఆ వంతు తాతకు వచ్చింది. కానీ వియ్యపురాలు ఉమామహేశ్వరమ్మ ముందే కబురు పంపింది: "చుట్ట కంపు కొట్టే ఒళ్ళో పిల్లోణ్ని పెట్టేది లేదు. వాసనొస్తే ఇంకెవురినన్నా చూసుకుంటాం."

చెంచమ్మ ముందే వెళ్ళి ఆళ్ళగడ్డలో ఉంది. ఆ ఉదయం ఓబుళయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. తలంటుకొని, ఉతికిన పంచె కట్టుకొని, తిరిగి వచ్చేదాకా చుట్ట ముట్టకూడదు. బస్టాండు దాకా అది బాగానే నడిచింది. బస్సే రాలేదు. జేబులో చెయ్యి పెడితే నిన్నటి పీక తగిలింది. రెండు దమ్ములు లాగి తమలపాకు నమిలితే సరిపోతుందనుకున్నాడు. పీక పొట్టిది, మీసం పెద్దది. పుల్ల గీసి దగ్గరకు తెచ్చేసరికి వెనకనుంచి బస్సు హారను మోగింది. ఉలిక్కిపడ్డాడు. కుడివైపు మీసం చిటపటమని కాలిపోయింది.

గోడవారన కూర్చున్న మంగలి తాపీగా చూశాడు. "సగం మీసంతో యాడికి పోతావప్పా? మిగిలింది గూడా తీసేస్తా, కూచో."

బస్సు వెళ్ళిపోతుందన్న తొందరలో ఓబుళయ్య కూర్చున్నాడు. చేసిన పనేమిటో ఆళ్ళగడ్డలో దిగాక గాని తెలియలేదు.

ఆ ప్రాంతంలో పెద్దమనిషి మీసం తీశాడంటే ఇంట్లో చావన్నా జరిగి ఉండాలి, మొక్కన్నా ఉండాలి. పందిట్లో ఆయన ముఖం చూడగానే ఉమామహేశ్వరమ్మ చేతిలోని పసుపు పళ్ళెం జారిపడింది.

"అయ్యో, ఎవురు పోయినారన్నా? మైల పెట్టుకొని శుభకార్యానికి వస్తారా?"

ఎవరు పోయారో తెలియకుండానే కూతురు ఏడుపు అందుకుంది. పురోహితుడు పంచాంగం సంచిలో పెట్టుకున్నాడు. నిజం చెబితే చుట్ట బయటపడుతుంది, మనవడు ఒడిలోకి రాడు. చెప్పకపోతే శుభకార్యమే ఆగిపోతుంది. ఓబుళయ్య అహోబిలం దిక్కుకు తిరిగి దణ్ణం పెట్టాడు.

"ఎవురూ పోలేదమ్మా. చుట్ట మానుకున్నా. మొక్కుకొని అహోబిలం సామికి మీసమిచ్చినా."

ఉమామహేశ్వరమ్మ కళ్ళు చెమర్చాయి. మనవణ్ణి తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. ఆ తర్వాత మొగుడి వైపు తిరిగింది. శేషయ్య మీసమంటే ఆళ్ళగడ్డంతా ఎరుగుదురు. ఆ సమయంలో ఆయన పందిరి గుంజ చాటున చుట్టను వీపు వెనక దాచుకొని ఉన్నాడు.

"ఏమయ్యో, ఆ మాట ఇంటివా? మగోడంటే ఆయప్ప! నువ్వూ ఉండావు, ఎందుకూ?"

"నా మీసం జోలికి రావాకు."

"మంగలి ఈడనే ఉండాడు. పిల్లోనిది అయినాంక నువ్వు కూచో."

పదిమంది ముందు పడిన మాట. శేషయ్య కూర్చున్నాడు. ఆ మీసం నేలరాలడం చూసిన బంధువులు, తమ భార్యలు నోరు తెరవకముందే చుట్టల కట్టలు తెచ్చి ఓబుళయ్య ముందు పెట్టారు. "మీసాలొద్దు గానీ ఇవి తీస్కోన్నా. నీ చేత్తోనే సామి పాదాల కాడ పెట్టు." తువ్వాలు నిండింది.

తీసిన వెంట్రుకలను ఆరోజే అహోబిలం చేర్చడం శేషయ్య ఇంటి ఆనవాయితీ. బండ్లు కట్టారు. ఓబుళయ్య ఒక తొడమీద మనవడు, రెండో తొడమీద చుట్టల మూట. మూట కమ్మగా వాసన కొడుతోంది. శేషయ్య చెవిలో గొణిగాడు.

"బావా, పైనుండేది నా కట్టే. వంక కాడ ఎద్దులకు నీళ్ళు తాపేటప్పుడు చెరొకటి..."

ఓబుళయ్యకు నోరూరింది. చెయ్యి ముడి దాకా పోయి ఆగింది. "సామి పేరు చెప్పినా గదా బావా."

"చెప్పింది నువ్వు. పోయింది నా మీసం."

అయినా ముడి విప్పలేదు. డాక్టరు మాట తప్పు కావచ్చు, పెళ్ళాం అలక తీరవచ్చు. ఉగ్రనరసింహుడి పేరు మీద ఆడిన అబద్ధాన్ని మాత్రం నిజం చేసుకోవడం తప్ప వేరే దారి ఆయనకు కనిపించలేదు.

గుడిలో మూట పెట్టి లోగొంతుకతో చెప్పుకున్నాడు. "సామీ, తప్పయింది. మీసం నీకియ్యలేదు, నంద్యాల బస్టాండులో కాలిపోయింది. చుట్ట మాత్రం నిజంగానే ఇడిసిపెడతాండా."

వెనకనే ఉన్న చెంచమ్మకు అంతా వినబడింది. కోప్పడలేదు.

"కాలితే కాలిందిలే. చిన్నప్పుడు నీకు జరమొచ్చి మూసిన కన్ను తెరవకుంటే, పిల్లోడు బతికితే తొలి మీసం నీదేనని మీయమ్మ ఈ సామికే మొక్కుకున్న్యాదంట. ఆనక నువ్వు మీసం దువ్వుకుంటా తిరిగేది చూసి అడగలేకపోయింది. పోయేముందు నాతో చెప్పింది. నాకూ నోరు రాల్యా."

ఓబుళయ్య నున్నని పైపెదవి తడుముకొని, మరోసారి సాగిలపడ్డాడు. తల్లి మొక్కు బాకీలో అసలు కింద మీసం, ఇన్నేళ్ళ వడ్డీ కింద చుట్ట స్వామికి జమ అయ్యాయి. శేషయ్య మీసం ఏ పద్దు కింద పోయిందో మాత్రం ఇప్పటిదాకా ఎవరూ తేల్చలేదు.