ముసుగులో బారకూడా

జూలై నాలుగో తేదీ, అమెరికా స్వాతంత్ర్య దినం ఉదయం రోవీనా వేసిన పథకంలో లోపమేమీ లేదు. ఊరంతా పరేడ్ చూడ్డానికి మెయిన్ స్ట్రీట్‌కి చేరుతుంది. వేదిక మీద మైకు పట్టుకుని ఆమె తండ్రి వెర్లిన్ ఉంటాడు. ఆ సమయంలో ఆయన షెడ్డులోకి ఓ కారు చేర్చి, నాలుగు చక్రాలూ విప్పేయాలి. చక్రాల్లేని కారును బయటికి నెట్టడం వెర్లిన్ వల్ల కూడా కాదు.

ఇంత రహస్యం ఎందుకంటే, ఆ కారు ప్లిమత్ కంపెనీ బారకూడా. పంతొమ్మిది వందల అరవై ఎనిమిది మోడల్. వెర్లిన్ ఆ ఒహాయో పట్టణంలో ఫోర్డ్ అభిమానుల సంఘానికి అధ్యక్షుడు. ఫోర్డ్ కాని బండి ఆయన షెడ్డు గడప తొక్కలేదు. పచ్చిక కోసే యంత్రం కూడా బయటే తడుస్తుంది.

పాత కారొకటి కొని, విప్పి, మళ్ళీ కొత్తగా కట్టుకోవాలని రోవీనాకి ఎప్పట్నుంచో కోరిక.

"ఫోర్డ్ ముస్టాంగ్ తీసుకో తల్లీ. బోల్టు దగ్గర్నుంచి డోరు దాకా అన్నీ పోస్టులో వచ్చేస్తాయి," అన్నాడు వెర్లిన్.

"అవి వీధికి మూడున్నాయి నాన్నా. నాకు నాది కావాలి."

"అయితే నీది నీ ఇంట్లోనే కట్టుకో."

ఆమె ఇల్లు లాండ్రీ దుకాణం మీద రెండు గదులు. కారు కొన్నా, షెడ్డు దొరక్కపోతే తిరిగి అమ్ముకోవడం తప్ప దారి లేదు. అయినా వెనక్కి తగ్గలేదు. అయస్కాంతం పట్టుకుని చుట్టుపక్కల పాత కార్లు వదిలేసిన పొలాలన్నీ తిరిగింది. అది అంటుకోని చోటల్లా ఇనుము బదులు పుట్టీ ఉన్నట్టు లెక్క. ఈ బారకూడాకి మాత్రం ఎక్కడ పెట్టినా టక్కున అంటుకుంది. అదే కొనేసింది. కాకపోతే అందులో కోళ్ళు కాపురముంటున్నాయి.

మేనత్త కొడుకు లైల్ తన ట్రక్కు వెనక ట్రైలర్ తగిలించి, దానిమీద కారు ఎక్కించి, నీలం పట్టా కప్పి తాళ్ళు బిగించాడు.

"కోళ్ళన్నిటినీ దింపావా?" అడిగింది రోవీనా.

"కనబడినవన్నీ దింపా."

ఊరి పొలిమేరలో పోలీసు డిప్యూటీ చెయ్యెత్తి ఆపాడు. ఆయన ట్రైలర్ వంక చూసి, చేతి గడియారం వంక చూసుకున్నాడు.

"ఇంత ఆలస్యమా? పదండి, పదండి! బ్యాండు వెనకే దూరండి!"

"మేము పరేడ్‌లో..." అని లైల్ నసిగాడు.

"పరేడ్‌లోనేగా! కదులు బాబూ, నీ వెనక అగ్నిమాపక దళం ఆగిపోయింది!"

వెనక నిజంగానే సైరన్ మోగింది. లైల్ కదిలాడు. అంతే, ముందు బ్యాండు, వెనక ఫైరింజను, రెండు వైపులా జనం. పక్కకి తిరగడానికి సందు లేదు. రోవీనా సీటు కిందకి జారిపోయింది.

"మిఠాయేది? మిఠాయి విసరండి!" అని పిల్లలు అరిచారు. పరేడ్‌లో బండి మీదున్నవాళ్ళు మిఠాయి విసరకపోతే ఆ ఊళ్ళో తలెత్తుకు తిరగలేరు. లైల్ ట్రక్కు సొరుగు తడిమాడు. దొరికినవి దగ్గు బిళ్ళలు. అవే విసిరాడు. ముందు వరసలో ఓ ముసలాయన ఒకటి పట్టుకుని చప్పరించి, బ్రహ్మానందంగా చప్పట్లు కొట్టాడు.

సరిగ్గా వేదిక ముందు బ్యాండు ఆగింది. ట్రక్కూ ఆగింది. పట్టా మాత్రం ఆగలేదు. బోనెట్ దగ్గర ఎగిరింది, డిక్కీ దగ్గర వణికింది.

"ఇంజను నడుస్తోందర్రా!" అని ఎవరో కేక పెట్టారు. జనం ఊగిపోయారు.

వెర్లిన్ కళ్ళు మెరిశాయి. "మిత్రులారా, ఆ పొడుగు బోనెట్ చూడండి! ఆ వాలు వీపు చూడండి! పట్టా ఎందుకు, పది దుప్పట్లు కప్పినా ఫోర్డ్‌ను నేను గుర్తుపడతాను. ఇది ముస్టాంగ్! ఎంత అందంగా ఉందో!"

చప్పట్లు మోగిపోయాయి. పరేడ్‌లో ఈ ఏటి బహుమతి ఎవరికి చప్పట్లు ఎక్కువైతే వాళ్ళకే. బహుమతి కూడా వెర్లిన్ ప్రకటించిందే: బండి పూర్తయ్యేదాకా ఆయన షెడ్డు, ఆయన చేతి పని.

"గెలిచింది ముస్టాంగే!" అంటూ ఆయన మైకుతో సహా వేదిక దిగి, స్వయంగా తాళ్ళు కోసి పట్టా లాగాడు.

ఎర్ర కోడొకటి ఆయన టోపీ మీదుగా ఎగిరిపోయింది. కింద, తుప్పు రంగులో, రెట్టలతో, బారకూడా.

బ్యాండు కూడా ఊపిరి బిగబట్టింది.

"ఇది... ప్లిమత్!" అన్నాడు వెర్లిన్, ఇంట్లో దొంగ దూరాడన్నట్టు. "చెల్లదు! ఎవరిదీ బండి?"

రోవీనా ట్రక్కు దిగింది. "నాది నాన్నా."

వేదిక పక్క కుర్చీలోంచి తల్లి ఆర్డిత్ గొంతు వినిపించింది. "ఊరందరి ముందూ అందంగా ఉందన్నావు వెర్లిన్. నన్నెప్పుడైనా అన్నావా ఆ మాట?"

జనం గొల్లున నవ్వారు. వెర్లిన్ చెవులు ఎర్రబడ్డాయి.

"నన్ను తిట్టు నాన్నా, పడతాను," అంది రోవీనా, చూపు దించకుండా. "కానీ ముందు బండి చూడు. ఒక్క తప్పు చూపించు, ఇప్పుడే వెనక్కి తీసుకెళ్ళిపోతా."

"ఒక్కటేంటి, వంద చూపిస్తా!" అంటూ ఆయన ట్రైలర్ కిందకి దూరాడు. మైకు చేతిలోనే ఉంది. దాన్ని ఆపలేదన్న సంగతి ఆయన మరిచాడు.

టక్. టక్. వేలి కణుపుల చప్పుడు మెయిన్ స్ట్రీట్ అంతా వినబడింది.

"ఊఁ... ఇక్కడ కుళ్ళి ఉండాలే..." టక్. "లేదే." గొణుగుడు. "వెనక ఇరుసు వంగే ఉంటుంది... అబ్బ, అచ్చం కొత్తదిలా ఉందే!" టక్. "ఇంత గట్టి అడుగు రేకు నేను కొన్నప్పుడు నాదానికే లేదు. ఈ పిల్ల ఎక్కడ పట్టిందిరా దీన్ని!"

ఊరు ఊరంతా ఈలలు వేసింది. ఆ ఈలలకి ఉలిక్కిపడి వెర్లిన్ చేతిలోని మైకు వంక చూసుకున్నాడు. బయటికి రావడానికి చాలాసేపే పట్టింది. వచ్చి, టోపీ సర్దుకుని, ఎవరి మొహమూ చూడకుండా అన్నాడు: "లైల్, నిలబడ్డావేం? షెడ్డుకి పోనియ్."

"షెడ్డు లోపలికా, మావయ్యా?"

"లోపలికే! ఎండలో రంగు పాడవదూ!"

ఆ బండికి రంగన్నది లేదని ఎవరూ గుర్తుచెయ్యలేదు. రోవీనా ట్రైలర్ ఎక్కి బారకూడా పక్కన నిలబడి చెయ్యి ఊపుతుంటే, అగ్నిమాపక దళం సైరన్ మోగిస్తూ షెడ్డుదాకా సాగనంపింది.

మర్నాడు పొద్దున్నే ఆమె షెడ్డుకి వెళ్ళేసరికి, బారకూడా కింద నుంచి తండ్రి బూట్లు కనబడ్డాయి. ఫోర్డ్ కాని బండిలో లోపాలెలా ఉంటాయో చదువుకుంటున్నానని ఆయన ఆర్డిత్‌తో చెప్పాడట. చదువుకోడానికి వెల్డింగ్ మిషన్ కూడా పట్టుకెళ్ళాడు.