ఎడమవైపు గది

శనివారం పొద్దున అద్దాల మాస్టారు పెట్టుకున్న పని చాలా చిన్నది. తొమ్మిదింటికి షాపు తెరవాలి. పదింటికి ఓ గంట మూసి, వీధి చివర కమ్యూనిటీ హాలు మేడ మీద కుడివైపు గదిలో జరిగే 'తోడు పోయినవారి కలయిక'లో కూర్చుని రావాలి. మాట్లాడాలా వద్దా అన్నది అక్కడికెళ్ళాక చూసుకోవచ్చు. ఇంత చిన్న పనిని ఆయన మూడు వారాలుగా వాయిదా వేస్తూ వచ్చారు. నాలుగో వారం కూతురు ఊరుకోలేదు.

"పేరు రాయించేశాను నాన్నా. ఈసారి వెళ్ళకపోతే నేనే వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాను," అంది ఫోన్లో.

"వెళ్తాన్లేవే. నన్నేమన్నా కొత్తగా బళ్ళో వేస్తున్నావా?"

"బళ్ళో వేస్తే ఈపాటికి నలుగురు స్నేహితులైనా అయ్యేవాళ్ళు."

ఆ మాట నిజమే. మాస్టారికి యాభై నాలుగేళ్ళు. కళ్ళద్దాల షాపు పెట్టి ముప్పై ఏళ్ళు. చుట్టుపక్కల సగం మంది కళ్ళ పవరు ఆయనకు నోటికొచ్చు. ఒక్కరింటికీ దారి తెలియదు. ఆ దారులన్నీ తెలిసింది ఆయన భార్యకు. కౌంటరు దగ్గర కూర్చుని, ఎవరి మోకాళ్ళ నొప్పి ఎంతవరకొచ్చింది, ఎవరి పిల్ల ఏం చదువుతోంది అని అందర్నీ అడిగేది ఆవిడ. మాస్టారు వెనకగదిలో అద్దాలు అరగదీసుకుంటూ ఆ మాటలు వినేవారు. వింటూ వింటూ తనకూ బోలెడంతమంది స్నేహితులున్నారనుకునేవారు. ఆవిడ పోయాక తెలిసింది, వాళ్ళంతా ఆవిడ మనుషులని. ఇప్పుడు వచ్చినవాళ్ళు అద్దాలు తీసుకుని వెళ్ళిపోతున్నారు. మోకాళ్ళ సంగతి అడుగుదామని ఆయన నోరు తెరిచేసరికి మెట్లు దిగేస్తున్నారు.

ఆరోజు షాపు మూసే తొందరలో బల్ల మీదున్న నల్లఫ్రేము కళ్ళద్దాలు తగిలించుకుని బయల్దేరారు. అవి ఆయనవి కావు, రిపేరుకొచ్చిన ఎవరివో. ముప్పై ఏళ్ళుగా ఊరందరి చూపూ సరిచేసిన మనిషి, హాలు మెట్లెక్కి, గోడకు అతికించిన రెండు కాగితాల ముందు నిలబడి, ఏ కాగితంలో బాణం గుర్తు ఎటు చూపిస్తోందో తేల్చుకోలేకపోయారు. ఎడమవైపు తలుపు తెరిచి ఉంది. లోపలికి వెళ్ళిపోయారు.

ఎడమవైపు గదిలో ప్రతి శనివారం కలిసేది సిగరెట్లు మానేస్తున్నవాళ్ళు.

గుండ్రంగా వేసిన కుర్చీల్లో ఎనిమిది మంది ఉన్నారు. ఎదురుగా గోడ మీది ఊపిరితిత్తుల పటం మాస్టారి కళ్ళకు ఏదో గులాబీరంగు పువ్వులా కనబడింది. కూటం నడిపే డాక్టరు లేచి వచ్చి, కుర్చీ చూపించారు.

"కొత్తవారా? రండి రండి. మొహమాటపడకండి, ఇక్కడున్నవాళ్ళందరిదీ ఒకటే బాధ. ఎన్నాళ్ళయింది?"

"రెండేళ్ళ రెండు నెలలండీ."

అందరూ చప్పట్లు కొట్టారు. మాస్టారు బిత్తరపోయారు. పరామర్శలు రకరకాలుగా చూశారు కానీ చప్పట్లు ఇదే మొదటిసారి. ఇది కొత్త పద్ధతి కాబోలు అని సర్దుకున్నారు.

"అంతకుముందు ఎన్నేళ్ళు?" అన్నారు డాక్టరు.

"ఇరవై ఆరు."

"ఇరవై ఆరేళ్ళ అలవాటు! మాటలు కాదు. ఇప్పటికీ మనసు లాగుతుందా?"

భార్యను 'అది' అనడం మాస్టారికి మొదటినుంచీ అలవాటు. చిన్నచూపుతో కాదు, చనువుతో. ఆ చనువే కొంప ముంచింది.

"లాగకుండా ఎలా ఉంటుందండీ? పొద్దున టీ తాగేటప్పుడు అది లేకపోతే చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు. భోజనం అయ్యాక మరీను. బాల్కనీలో నిలబడితే పక్కన ఉన్నట్టే ఉంటుంది."

"భోజనం అయ్యాకేనండీ చంపేస్తుంది!" అన్నాడు పక్కనున్న బస్సు డ్రైవరు, భారీ మనిషి, ఉన్నట్టుండి.

మాస్టారు ఉలిక్కిపడ్డారు. పాపం, ఇతనికి ఎలాంటి ఇల్లాలు దొరికిందో అనుకున్నారు.

"బీరువా తీస్తే ఇప్పటికీ ఆ వాసన వస్తుంది," అన్నారు మెల్లిగా. "మా అమ్మాయి అన్నీ తీసి ఉతికేస్తానంది. నేను ఒప్పుకోలేదు. రోజుకోసారి తలుపు తీసి, కాసేపు నిలబడి, మళ్ళీ వేసేస్తాను."

డ్రైవరు కళ్ళు తుడుచుకున్నాడు. ఎదురుగా కూర్చున్న లెక్కల టీచరు, నలభై తొమ్మిదేళ్ళావిడ, చేతిలో పెన్నుకు మూతపెట్టి వింటోంది.

"మళ్ళీ మొదలుపెట్టమని ఎవరూ అనలేదా?" అని అడిగారు డాక్టరు.

"మా బావమరిదే అన్నాడు. ఇంకోటి చూసుకో బావా, ఎవరూ ఏమనుకోరు అన్నాడు. వద్దన్నాను."

"భేష్!" మళ్ళీ చప్పట్లు. "ఇంతకీ వదులుకునేదాకా ఎందుకొచ్చింది?"

"ఊపిరితిత్తులండీ. ఆస్పత్రిలో పదకొండు రోజులు."

"పోన్లెండి. మొత్తానికి బయటపడ్డారు."

"బయటపడ్డానని ఎవరన్నారు?" అన్నారు మాస్టారు.

ఇంత కఠినంగా మాట్లాడేవాళ్ళ మధ్య ఇక కూర్చోకూడదని ఆయన లేవబోయారు. డ్రైవరు ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. స్టీరింగు పట్టుకుని పట్టుకుని గరుకెక్కిన చెయ్యి. అద్దాల బేరంలో మాస్టారు రోజూ పదిమంది ముక్కులూ చెవులూ ముట్టుకుంటారు. ఆయన చెయ్యి ఎవరైనా పట్టుకుని మాత్రం రెండేళ్ళ రెండు నెలలైంది. లేచినవారు మళ్ళీ కూర్చున్నారు.

కూటం అయ్యాక డ్రైవరు మెట్ల దగ్గర ఆయన్ని పక్కకు పిలిచి, జేబులోంచి ఏదో తీసి చేతిలో పెట్టాడు.

"ఇది మీ దగ్గరుంచండి మాస్టారూ. నా దగ్గరుంటే తాగేస్తాను. మానేసి నాలుగు రోజులే అయింది మరి. డాక్టరుగారు నన్ను మీకు జత చేశారు. సాయంత్రం ఆరింటికి డ్యూటీ దిగుతాను, అప్పుడే మనసు లాగుతుంది. ఫోన్ చేస్తే ఎత్తుతారుగా?"

మాస్టారు కళ్ళద్దాలు తీసి, చేతిలోని దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూశారు. సిగరెట్ పాకెట్టు. మాస్టారికి మొత్తం అర్థమైంది. పొరపాటైందని చెప్పడానికి నోరు తెరిచారు. డ్రైవరు ఫోన్ పట్టుకుని, నంబరు కోసం, పరీక్ష ఫలితం కోసం చూసే పిల్లాడిలా చూస్తున్నాడు. ఆయన నంబరు చెప్పేశారు.

ఆరు దాటి రెండు నిమిషాలకు ఫోన్ మోగింది.

"మాస్టారూ, లాగేస్తోంది."

"నాకూ అంతేనయ్యా. సరిగ్గా ఈ టైముకే."

"మరి మీరేం చేస్తారు?"

"ఇంట్లో ఉండను. ఎటో ఒకవైపు నడుస్తాను."

"ఎటు నడుస్తున్నారో చెప్పండి, నేనూ వస్తాను."

అలా మొదలైంది. రోజూ సాయంత్రం ఇద్దరూ కాలవ గట్టున నడిచేవారు. పదో రోజుకి టీచరు కూడా చేరింది. ఆవిడ మానేసి మూడు వారాలైందని మొదటిరోజు చెప్పింది. నెల తర్వాత అడిగినా మూడు వారాలే అంది. లెక్కల టీచరు కదా అని ఎవరూ ఎదురు లెక్క వేయలేదు.

వచ్చే శనివారం నిజం చెప్పేయాలని మాస్టారు ప్రతి శుక్రవారం అనుకునేవారు. చెబితే ఎడమవైపు గదిలోంచి కుడివైపు గదిలోకి మారాలి. అక్కడ డ్రైవరుండడు, టీచరుండదు. శనివారం వచ్చేసరికి మళ్ళీ ఎడమవైపు గదిలోకే వెళ్ళి కూర్చునేవారు. అబద్ధం మాత్రం ఆయన ఒక్కటీ ఆడలేదు. ఎవరేం అడిగినా భార్య సంగతే చెప్పారు. వినేవాళ్ళు సిగరెట్టు సంగతి విన్నారు. డ్రైవరు డిపోలో అందరికీ ఆయన గొప్పతనం చెప్పాడు. కండక్టర్లు షాపుకొచ్చి, అద్దాలు చూస్తున్నట్టు నటిస్తూ, "అది గుర్తొచ్చినప్పుడు ఏం చేస్తారండీ?" అని గుసగుసగా అడిగేవాళ్ళు. "గుర్తు రానిస్తాను" అనేవారు ఆయన. వాళ్ళు తలలూపి, వెళ్ళేటప్పుడు తమ పాకెట్లు ఆయన చేతిలో పెట్టి వెళ్ళేవాళ్ళు. టీచరు ఒక లైటరిచ్చింది. షాపులో ఉంచితే బాగుండదని, వాటన్నిటినీ మాస్టారు ఇంటికి తీసుకెళ్ళి బీరువాలో భార్య శాలువా వెనక దాచారు.

ఓ గురువారం కూతురు వచ్చి, తండ్రికి ఉతికిన చొక్కాలు సర్దుదామని బీరువా తీసింది.

"నాన్నా! ఇవేంటి?"

మాస్టారు వచ్చి చూశారు. మంచం మీద పదకొండు పాకెట్లు, లైటరూ వరసగా పేర్చి ఉన్నాయి.

"నావి కావమ్మా."

"అందరూ అదే అంటారు."

"దాచమని ఇచ్చారే."

"ఎవరు?"

"మానేసినవాళ్ళు."

కూతురు మంచమ్మీద కూలబడింది. "అమ్మ ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది నాన్నా. అమ్మ శాలువా వెనకే చోటు దొరికిందా మీకు దాచుకోడానికి? నేను పేరు రాయించిన కూటానికి ఫోన్ చేసి అడిగాను. మీరొక్కసారి కూడా రాలేదన్నారు! మరి పదింటికి షాపు మూసి ఎక్కడికెళ్తున్నారు?"

చెప్పడానికి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో ఆయనకు తోచలేదు. మొదటినుంచి చెబితే చప్పట్ల సంగతి చెప్పాలి. అమ్మ పోయిందంటే చప్పట్లు కొట్టారని ఏ కూతురికి చెప్పగలరు? కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడిపోయారు. తప్పు ఒప్పుకున్నట్టే అనుకుంది కూతురు. కళ్ళు తుడుచుకుని, అప్పటికప్పుడు వాకబు చేసి, సిగరెట్లు మాన్పించే డాక్టరు నంబరు సంపాదించింది.

"మా నాన్నగారు పొగ తాగుతున్నారండీ. కళ్ళద్దాల షాపు..."

అవతల డాక్టరు అదిరిపడ్డారు. "మాస్టారా? మన మాస్టారే? మళ్ళీ మొదలెట్టారా?"

శనివారం ఎడమవైపు గదిలో ఒక్క కుర్చీ ఖాళీ లేదు. కబురు విని డిపో నుంచి కండక్టర్లు కూడా వచ్చారు. డ్రైవరు రాత్రంతా నిద్రపోనివాడిలా ఉన్నాడు. కూతురు సంచీ బోర్లించి పాకెట్లన్నీ బల్ల మీద పోసింది.

"ఎప్పుడు తప్పిపోయారు మాస్టారూ? మా వల్ల ఏమన్నా లోపం జరిగిందా?" అన్నారు డాక్టరు దీనంగా. "రెండేళ్ళ నాలుగు నెలలు మానేసి ఉన్నవారు, మళ్ళీ ఎందుకు మొదలెట్టారు?"

"మళ్ళీ ఏంటండీ?" అంది కూతురు. "మా నాన్న జన్మలో ఒక్క సిగరెట్టూ ముట్టుకోలేదు. ఇప్పుడే మొదలెట్టారు."

అందరూ మాస్టారి వైపు తిరిగారు.

"ఇప్పుడూ ముట్టుకోలేదు," అన్నారు ఆయన. "నేను వెళ్ళాల్సింది ఎదురుగదికండీ. ఆరోజు కళ్ళద్దాలు మారిపోయాయి. రెండేళ్ళ నాలుగు నెలలన్నది మా ఆవిడ పోయి."

తామిన్నాళ్ళూ విన్నదంతా ఒక్కొక్కరూ మనసులో మళ్ళీ మొదట్నుంచి వింటున్నట్టున్నారు. బావమరిది సలహా దగ్గరికొచ్చేసరికి డ్రైవరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"మరి బీరువాలో వాసన?" అంది టీచరు చివరికి.

"దాని శాలువాది."

డాక్టరుకి తన చప్పట్లు గుర్తొచ్చి ముఖం కందిపోయింది. మాస్టారు లేచారు. "మోసం చేద్దామని కాదు. రోజూ ఆరింటికి ఫోన్ మోగేది. చెప్పేస్తే మోగదని భయపడ్డాను. క్షమించండి." తలుపు వైపు నడిచారు.

"ఆగండి నాన్నా," అంది కూతురు. ఒక పాకెట్టు చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తోంది. "వీటిలో ఒక్కదానికి కూడా పైకాగితం చింపలేదు. ఇవి ఎవరివి?"

డ్రైవరు చెయ్యి చాపి కొన్ని పాకెట్లు తనవైపు లాక్కున్నాడు. "ఐదు నావేనమ్మా. నేను మానేసి ఆరేళ్ళయింది. మా అమ్మ నన్ను మాన్పించి, మరుసటేడు తను పోయింది. ఆరింటికి బస్సు దిగితే ఎటు పోవాలో తోచదు. ఊరికే ఫోన్ చేస్తే ఎవరెత్తుతారు? సిగరెట్టు లాగుతోందంటే ఎత్తుతారు. అందుకని కొత్త పాకెట్టు కొని పట్టుకొచ్చేవాణ్ణి."

టీచరు లేచి నిలబడింది. "నాది తొమ్మిదేళ్ళు. ఏడాది నిండితే సంఘం నుంచి పంపించేస్తారేమోనని మూడు వారాల దగ్గరే ఆపేశాను. మా ఆయన పోయాక ఎలా ఉన్నావని అడిగేవాళ్ళు ఈ గదిలోనే దొరికారు."

"అయితే," అన్నారు డాక్టరు నీరసంగా, "ఇక్కడ నిజంగా సిగరెట్టు తాగేవాళ్ళెవరు? చేతులెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. కండక్టర్లు నేల చూపులు చూశారు. "మావాళ్ళ చేత మాన్పించింది మాస్టారే కదండీ, కొన్న పాకెట్లు విప్పకుండానే ఆయనకిచ్చేశారు," అన్నాడు డ్రైవరు.

మాస్టారు ఇంకా తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు. ఇదంతా ఇంటికెళ్ళి ఎవరికి చెప్పాలనిపించిందో ఆ మనిషి లేదు. చెబితే పొట్ట పట్టుకుని నవ్వేది, రెండుసార్లు చెప్పించుకునేది.

డ్రైవరు తన పక్క కుర్చీ వెనక్కి లాగాడు. "రండి మాస్టారూ, కూర్చోండి. ఆవిడ సంగతి చెప్పండి. ఈసారి ఆవిడేనని తెలిసి వింటాం."

ఆయన వచ్చి కూర్చున్నారు. కూతురు కూడా ఒక కుర్చీ లాక్కుంది. ఆ పూట పన్నెండైనా ఎవరూ లేవలేదు.

ఆ సంవత్సరం చివర డాక్టరు సంఘం నివేదిక రాసి పంపారు: మా సభ్యుల్లో ఇప్పుడు పొగతాగేవారు ఒక్కరూ లేరు, హాజరు మాత్రం రెట్టింపైంది.