వగిమాన్ గారి లో బీమ్

ఆ ఆదివారం పొద్దున వగిమాన్ గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్యనీ కొడుకునీ అక్కగారినీ బండెక్కించుకుని, అరటి గెలలూ మిఠాయి పళ్ళేలూ సర్దుకుని, తాముండే వొనోసోబో నుంచి డియెంగ్ కొండ మీది ఊరికి వెళ్ళాలి. పదింటికల్లా దర్సోనో గారింట్లో చాప మీద కూర్చుని, వాళ్ళమ్మాయి వెనింగ్‌ని తమ ప్రసెత్యోకి ఇమ్మని అడగాలి. కొడుకు చాలాకాలంగా ఆ పేరే జపిస్తున్నాడు. దర్సోనో బంగాళాదుంపల రైతు, ఒక పట్టాన లొంగే మనిషి కాదు. ఆస్తి అడగననీ, చదువు అడగననీ, మర్యాద తెలిసిన ఇంటికైతే పిల్లనిస్తాననీ, లేదనిపిస్తే మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా పంపేస్తాననీ ముందే కబురు పెట్టాడు. వగిమాన్ గారు అది విని నవ్వి ఊరుకున్నారు. మర్యాద దగ్గర ఆయనకి భయమేముంది?

ఉన్నమాట చెప్పుకోవాలి. రోడ్డు మీద మర్యాదంటే ఆయనదే. ఉద్యోగమంతా రాత్రి బస్సు నడిపి, ఎదురొచ్చే ఏ డ్రైవరు కళ్ళల్లోనూ వెలుగు కొట్టని మహానుభావుడు. మలుపు అవతల కాస్త వెలుతురు కనిపిస్తే చాలు, చెయ్యి దానంతటదే లో బీమ్‌కి దించేసేది. "వాడికి కళ్ళు చీకట్లు కమ్మితే వచ్చి పడేది మన మీదే కదా" అనేవారు. రిటైరయ్యాక కొనుక్కున్న ఏడు సీట్ల పాత బండికి ఆయన చేసే సేవ చూసి తీరాలి. నెలకోసారి దాన్ని ప్రహరీ గోడకి ఎదురుగా నిలబెట్టి, గోడ మీద గీసుకున్న సున్నపు గీత దాటి వెలుగు పైకి పోతోందేమో చూస్తారు. అద్దాలు పచ్చబడకుండా మెత్తటి గుడ్డతో రుద్దుతారు. ఒక బల్బు పోతే రెండూ మారుస్తారు. కాడికి ఒకవైపు ముసలెద్దునీ ఒకవైపు కోడెనీ కడతామా అని అడుగుతారు. వీధివాళ్ళు వెనక నవ్వుకుంటారు గానీ, దూర ప్రయాణమంటే మాత్రం ముందు ఆయన గుమ్మంలోకే వచ్చి తమ దీపాలు చూపించుకుంటారు.

ముందురోజు సాయంత్రం కూడా గోడ దగ్గర చూసుకున్నారు. గీత మీద గీత గీసినట్టుంది వెలుగు. కాకపోతే అప్పుడు బండి ఖాళీ. పొద్దున దాని వెనక భాగంలోకి రాజా అరటి గెలలూ, జిగురు బియ్యం మిఠాయి పళ్ళేలూ, బట్టల పెట్టెలూ ఎక్కాయి. పైన కారియర్ మీదికి బియ్యం బస్తా, కొబ్బరికాయల మూట ఎక్కాయి. తోక దిగితే ముక్కు లేస్తుందనీ, ముక్కు లేస్తే దీపాలూ లేస్తాయనీ ఆయనకి తట్టలేదు. తప్పు ఆయనది కాదు. బస్సుకి ఈ జబ్బు లేదు, ముందూ వెనకా కిక్కిరిస్తే గాని స్టాండు వదలదు.

మొదటి మలుపులోనే మంచు కమ్మేసింది. పట్టపగలే ముందు బారెడు దూరం కనిపించడం లేదు. వగిమాన్ గారు తృప్తిగా లో బీమ్ వేశారు. మంచులో హై బీమ్ వేస్తే ఎదురుగా తెల్లగోడ కట్టుకున్నట్టేనని కొడుక్కి చెబుతుండగానే, ఎదురొచ్చిన కూరగాయల వ్యాను దీపాలు టపటపా మెరిపించి డిప్పర్ కొట్టి పోయింది.

ఆ కొండదారిలో డిప్పర్ కొట్టారంటే అర్థం ఒక్కటే. ముందు పోలీసులు బళ్ళు ఆపుతున్నారు, జాగ్రత్త అని. ఒక మెరుపుతో జవాబివ్వడం ధన్యవాదం. వగిమాన్ గారు వెంటనే హై బీమ్ ఒకసారి మెరిపించి తన కృతజ్ఞత చెప్పుకున్నారు. ఆ తరవాత బండిలో ఏం లోపముందా అని చూసుకుంటే, ముందు సీట్లో మిఠాయి పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని అక్కగారు పైనెమ్ కనిపించింది. ఆవిడ భారీ మనిషి. బెల్టు ఎంత లాగినా సగం దూరం కూడా రాదు. ఆవిడని దింపి, బతిమాలి, చిట్టచివరి సీట్లోకి మార్చి, ఊచలాంటి ప్రసెత్యోని ముందుకి తెచ్చారు. బండి తోక ఇంకాస్త దిగింది.

తరవాతి బండి ఇంకా గట్టిగా డిప్పర్ కొట్టింది. అయితే పోలీసులు పట్టుకునేది కారియర్ మీది బరువే అయ్యుంటుందని, బియ్యం బస్తానీ కొబ్బరికాయల్నీ దింపి అక్కగారి వెనక కుక్కారు. ఇప్పుడు లో బీమ్ ఎదురొచ్చేవాళ్ళ కంట్లోకి కాక, సరాసరి కనుపాపలోకే వెళుతోంది. వచ్చిన ప్రతివాడూ డిప్పర్ కొడుతున్నాడు. కొందరు హారన్ కూడా కలుపుతున్నారు. వగిమాన్ గారు ఒక్కరికీ బాకీ ఉంచకుండా అందరికీ ఒక్కో మెరుపు మెరిపించి ధన్యవాదాలు చెబుతున్నారు.

వెనక నుంచి భార్య సుమిరాకి అనుమానం వచ్చింది. "ఏమండీ, వాళ్ళు మనల్ని తిడుతున్నట్టుంది."

"చలికి ఈ కొండవాళ్ళ మొహాలు అలాగే ఉంటాయిలే. ఎంత మంచి జనమో చూడు, ముక్కూమొహం తెలియని వాళ్ళకి ఇంత సాయం చేస్తున్నారు. ఇలాంటి ఊరి పిల్ల మనింటికి రావడం మన అదృష్టం."

ఆ మాట అంటూ అంటూ ఆయన కళ్ళు చెమర్చాయి. సరిగ్గా అప్పుడే ఒక పసుపు పికప్ ఎదురై డిప్పర్ కొట్టింది. వగిమాన్ గారు నిండు మనసుతో రెండుసార్లు మెరిపించారు. పికప్ మంచులోకి మాయమై, దారి కానక, మెల్లగా పక్కనున్న దుంపల మడిలోకి దిగిపోయింది. వగిమాన్ గారికి అద్దంలో చూస్తే మంచు తప్ప ఏముంది? ఆ పికప్ మనిషి మాత్రం దెబ్బ తగలకుండా బయటికొచ్చి, ఫోను తీసి పై ఊరివాళ్ళని లేపాడు.

ఊరి ముందు మలుపులో రోడ్డుకి అడ్డంగా వెదురు బొంగు, దాని వెనక దుప్పట్లు కప్పుకున్న జనం. చెకింగ్ వచ్చేసిందని వగిమాన్ గారు అందరినీ బుద్ధిగా కూర్చోమని, టోపీ సర్దుకుని, కాగితాలు పట్టుకుని చిరునవ్వుతో దిగారు. కాగితాలు ఎవరూ అడగలేదు. ఇంతలో వెనక నుంచి ఎవరిదో మోటారు సైకిలు మీద పికప్ మనిషి వచ్చాడు. కొత్త బాతిక్ చొక్కా, మోకాళ్ళ దాకా బురద.

"ఏమయ్యా పెద్దమనిషీ, లైటు దించమని డిప్పర్ కొడితే, మళ్ళీ నా కళ్ళల్లోకే కొడతావా?"

"అయ్యో, నేను ధన్యవాదాలు చెప్పానండీ."

"ధన్యవాదాలా? దేనికి, మడిలో పడ్డందుకా?"

ప్రసెత్యో తండ్రి మోచెయ్యి పట్టుకున్నాడు. "నాన్నా, ఈయనే."

"ఎవర్రా?"

"వెనింగ్ వాళ్ళ నాన్న. మంచులో మనం దారి తప్పుతామని ఎదురొచ్చినట్టున్నారు."

చివరి సీట్లోంచి పైనెమ్, పెళ్ళివారిల్లు వచ్చేసిందా అని గట్టిగా అడిగింది. దర్సోనో బండిలోని అరటి గెలల్నీ కుర్రాణ్ణీ చూసి సంగతి గ్రహించాడు. గ్రహించాక మొహం ఇంకా బిగిసింది. హై బీమ్ వేసుకుని ఊరందరి కళ్ళూ పొడిచిన ఇంటికా నా పిల్ల అని, పక్కవాళ్ళకి వినపడేలాగే అన్నాడు.

సుమిరా భర్త చెవిలో ఉపాయం ఊదింది. పొరపాటున హై బీమ్ ఉండిపోయిందని చెప్పి క్షమించమంటే గొడవ ఒదిలిపోతుంది. లోకంలో రోజూ అందరూ చేసే పొరపాటే. కొడుకు కూడా దణ్ణం పెట్టినంత పని చేశాడు. వగిమాన్ గారి గొంతు దాకా వచ్చిందా అబద్ధం. కానీ లో బీమ్ ఆయన జీవితమంతా నిలబెట్టుకున్న మాట, అబద్ధం పైకి రాలేదు. "వేసింది లో బీమే. కావాలంటే చూపిస్తాను" అని, కొడుకుని స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి, తానే పది అడుగులు నడిచి తన బండికి ఎదురుగా నిలబడ్డారు.

వెలుగు తిన్నగా వచ్చి ఆయన కళ్ళల్లో పడింది. కళ్ళు మూసుకోలేదు. నీళ్ళు కారుతున్నా అలాగే చూశారు. దారి పొడుగునా డిప్పర్ కొట్టిన ప్రతివాడూ ఆయనకి ఇప్పుడు అర్థమయ్యాడు.

టోపీ తీసి జనం వైపు తిరిగారు. "వేసింది లో బీమే, కానీ తప్పు నాదే. బండి బరువెక్కితే వెలుగు పైకి లేస్తుందని ఆలోచించలేదు. పిల్లనివ్వడం మీ ఇష్టం. ముందు ఈ దీపం సరిచెయ్యకుండా ఈ బండి ఒక్క అడుగు కదపను."

అన్నట్టే చేశారు. నడిరోడ్డు మీద సామానంతా దింపారు. బరువైనవి మధ్యకి జరిపి, అక్కగారిని వినయంగా ముందు సీటుకి తీసుకొచ్చారు. బండి ముక్కు కిందికి దిగింది. మిగిలిన కాస్తా స్క్రూడ్రైవరుతో దించడానికి ఎదురుగా గోడ కావాలి. అక్కడ గోడ లేదు. చేతులు కట్టుకుని చూస్తున్న దర్సోనో ఏమనుకున్నాడో ఏమో, ఎవరో తెచ్చిన టార్పాలిన్ ఒక కొస తానే పట్టుకుని నిలబడ్డాడు. వగిమాన్ గారు ఆ బట్ట మీద గీత గీసి, కొత్త చొక్కాతో బురదలో మోకాళ్ళ మీద కూర్చుని, ఒక దీపం మూసి ఒక దీపం చూస్తూ స్క్రూ తిప్పారు. ఆ పనితనం చూస్తూ జనం అరవడం మానేశారు. వెదురు బొంగు తీసేశారు గానీ ఎవరూ కదల్లేదు. అంతలో ఒకాయన గొంతు సవరించుకుని, దుంపలు ఎత్తిన రోజున తన వ్యాను దీపాలు కూడా చెట్ల కొమ్మల్లోకే పోతాయని ఒప్పుకున్నాడు. ఇంకొకాయనా ఒప్పుకున్నాడు. వరుస కట్టారు.

పది దాటింది, మధ్యాహ్నం కూడా అయింది. పెళ్ళివారేమయ్యారో చూడమని వెనింగ్ వాళ్ళమ్మ పంపిస్తే జనం దిగి వచ్చారు, వాళ్ళ వెనకే అన్నం గిన్నెలూ వచ్చాయి. వచ్చినవాళ్ళకి కనిపించింది, బురద మోకాళ్ళతో ఇద్దరు తండ్రులు ఒక లారీ దీపంలోకి తలలు దూర్చి వాదించుకోవడం. సుమిరా ఉండబట్టలేక, పిల్ల సంగతి ఏమంటారని మెల్లగా అడిగింది.

దర్సోనో లారీ దీపంలోంచి తల ఎత్తకుండానే చెప్పాడు. "తన వెలుగుకి తానే ఎదురు నిలబడి చూసుకున్న మనిషిని నేనింతవరకూ చూడలేదమ్మా. అల్లుడి సంగతి తరవాత, ముందు ఈ వియ్యంకుణ్ణి నాకిచ్చెయ్యండి."

పెళ్ళి వైభవంగా జరిగింది. కొండ కింద నుంచీ పై నుంచీ బళ్ళ మీద బళ్ళు వచ్చాయి. ఫోటోల్లో అందరూ ఉన్నారు, పెళ్ళికొడుకు తండ్రి తప్ప. ఆయన పందిరి బయట, చుట్టాల బళ్ళ ముందు మోకాళ్ళ మీద ఉన్నారు.