ఒక ఇంటికి ఒకే క్యాట్‌ఫిష్

ఎవరు ఏ నీళ్లలో ఈదాలో ఈత రానివాళ్లు నిర్ణయించే స్థాయికి ఎదిగిన సమాజాన్నే నాగరిక సమాజం అంటారు. ఆ లెక్కన మాది చాలా నాగరికమైన ఊరు. ఇక్కడ గృహ జలచరాల నియంత్రణ కార్యాలయానికి మూడంతస్తుల సొంత భవనం ఉంది. అందులో పనిచేసే నూట నలభై మందిలో ఒక్కరి ఇంట్లోనూ చేప లేదు (పక్షపాతమన్న మాట రాకూడదని ఈ ముందుజాగ్రత్త).

ఆ భవనంతో నాకు పని పడింది మా అమ్మాయి వల్ల. ఎనిమిదేళ్లది. దానికో చిన్న అక్వేరియం, అందులో ఐదు మోలీ చేపలు ఉండేవి. వాటిలో అన్నిటికన్నా పాతది, తోక చివర కాస్త చిరిగినది, బుంగమూతి. అమ్మాయి బడి నుంచి వచ్చి బూట్లయినా విప్పకుండా ఆ రోజు కబుర్లన్నీ ముందు బుంగమూతికి చెప్పేది. మా దాకా వచ్చేసరికి వాటిలో సగం మిగిలేవి. నాకు కొంచెం అసూయగానే ఉండేది.

వేసిన మేత అడుగున చేరి కుళ్లుతోందని, దాన్ని ఏరుకుతినే క్యాట్‌ఫిష్ పెట్టుకుంటే మంచిదని చేపల దుకాణాయన చెప్పాడు. ఆయన దగ్గర కోరీ అనే రకం ఉంది. బొటనవేలంత ఉంటుంది, బుల్లి మీసాలతో అడుగంతా వెతుకుతుంది, ఎవరి జోలికీ పోదు. కాకపోతే ఒంటరిగా బతకలేదు. కనీసం ఆరు ఉండాలి, లేకపోతే బెంగ పెట్టుకుంటుందన్నాడు.

ఇంతవరకూ చేపల సంగతి. ఇక్కడి నుంచి ఫారాల సంగతి.

మూడో కిటికీ గుమాస్తా నా దరఖాస్తు చదివి జాలిగా చూశాడు. నిబంధన ప్రకారం ఒక ఇంటికి ఒకే క్యాట్‌ఫిష్. ఆరు కావాలంటే అది సంఘం కిందికి వస్తుంది. సంఘానికి నియమావళి ఉండాలి, అధ్యక్షుడూ కార్యదర్శీ ఉండాలి, ఇద్దరూ కార్యాలయానికి స్వయంగా వచ్చి సంతకాలు పెట్టాలి (తడి చేతులతో కాగితాలు ముట్టుకోరాదు). అంత అవస్థ ఎందుకని ఆయనే ఆమోదిత జాబితా తిరగేసి, ‘ఒంటరిగా జీవించగలవి’ అన్న శీర్షిక కింద ఉన్న ఏకైక పేరు చూపించాడు. ఎర్రతోక క్యాట్‌ఫిష్. దరఖాస్తు నాటికి మూడంగుళాలు మించకూడదు, అంతే షరతు.

“పెద్దయ్యాక ఎంతవుతుందండీ?” అని అడిగాను.

“పెద్దయ్యాక సంగతి పై అంతస్తు చూస్తుంది” అన్నాడు. పై అంతస్తుకు వెళ్లాను. వాళ్లు ఇప్పటికే పెద్దయిన చేపల విషయం మాత్రమే చూస్తారట.

దుకాణాయన ఆ జాబితాను రెండుసార్లు చదివాడు.

“ఇది ఒంటరిగా ఎందుకు ఉంటుందో అడిగారా?” అన్నాడు చివరికి. ఆమోదించిన జాబితాలో ఉందండీ అన్నాను. ఆయన చేపపిల్లను సంచిలో వేసి ముడేశాడు. రెండున్నర అంగుళాల పిల్ల. నోట్లో వేలు పెడితే కొరకలేదన్నట్టు ఉంది.

తుది అనుమతి వచ్చేదాకా తాత్కాలిక నివాసానికి వీలిచ్చారు. అయితే పాత నివాసులకు అభ్యంతరం తెలిపే హక్కు ఉంది కనుక, తొట్టి అద్దానికి ఒక నోటీసు అంటించమన్నారు, రాత లోపలివైపుకు కనిపించేలా. అభ్యంతరాలు ఏవైనా ఉంటే నలభై ఐదు రోజుల్లోగా లిఖితపూర్వకంగా, రెండు ప్రతుల్లో సమర్పించుకోవచ్చు.

ఇరవయ్యో రోజున ఒక మోలీ కనిపించలేదు. నేను నిజాయితీపరుణ్ని, వెళ్లి చెప్పాను. సంఖ్య మారింది కాబట్టి ఫైలు తిప్పి పంపారు. కొత్త ఫారం, కొత్త నోటీసు, మళ్లీ ఒకటో రోజు. తర్వాత రెండోది పోయింది, మూడోది, నాలుగోది. ప్రతిసారీ కాళ్లరిగేలా తిరిగాను. నా చెప్పులు అరుగుతున్నకొద్దీ ఎర్రతోక పెరిగింది. జానెడు దాటింది. మీసాలు మెలేసే ఓపిక ఉంటే మెలేసేదే. బుంగమూతి ఒక్కటే గాలిగొట్టం వెనక నక్కి బతుకుతోంది.

మా ఆవిడకు ఫారాల మీద మొదటినుంచీ గౌరవం లేదు. అనుమతి రాలేదని ఎర్రతోకేమైనా ఆకలి ఆపుకుంటోందా, ముందు బుంగమూతిని బకెట్లో వేయండి అంది. తెలియక మాట్లాడుతోంది. నిర్వచనం ప్రకారం నీళ్లూ చేపా ఉన్న ఏ పాత్రయినా అక్వేరియమే. రెండో అక్వేరియానికి వేరే దరఖాస్తు. పైగా గుమాస్తా గట్టిగానే చెప్పాడు, ఈసారి సంఖ్య తేడా వస్తే తొట్టితో సహా స్వాధీనం చేసుకుంటారని. గురువారం తనిఖీ. ఫారంలో, ‘క్యాట్‌ఫిష్ కాక ఇతర చేపలు’ అన్న గడిలో, నా చేత్తోనే ‘ఒకటి’ అని రాశాను.

మంగళవారం అమ్మాయి నీలం బకెట్ నిండా నీళ్లు పట్టి ఎండలో పెట్టింది. కుళాయి నీళ్ల ఘాటు పోవాలంటే ఒక రోజు ఆగాలని దుకాణాయన చెప్పాడట. బుధవారం పొద్దున బకెట్ ఈడ్చుకొచ్చి తొట్టి పక్కన పెట్టింది.

“నాన్నా, ఒక్క బుంగమూతినే. ఒక్కరోజే.”

“రేపు తనిఖీ కదమ్మా, లెక్క సరిపోవాలి. వాళ్లు వెళ్లాక పెడదాం” అన్నాను. ఆ మాట అన్నందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటున్నాను. అప్పుడు మాత్రం బాధ్యత గల పౌరుడిలా అన్నాను.

బుధవారం సాయంత్రం అమ్మాయి బూట్లతోనే తొట్టి దగ్గరకు పరిగెత్తింది. గొట్టం వెనక చూసింది, రాళ్ల మధ్య చూసింది. తర్వాత కింద కూర్చుని బూట్లు విప్పుకుంది. ఆ రోజు బడిలో ఏం జరిగిందో ఎవరికీ చెప్పలేదు.

గురువారం తనిఖీ అధికారి వేళకే వచ్చాడు. నోటీసు వంకర లేకుండా ఉందని మెచ్చుకున్నాడు. తర్వాత కళ్లజోడు సవరించుకుని తొట్టిలోకి వేలు చూపించి లెక్కపెట్టాడు.

“ఫారంలో ఒకటి అని ఉంది. తొట్టిలో ఒకటి ఉంది. లెక్క సరిపోయిందండీ.”

నేను నోరు తెరిచాను. ఆయన అప్పటికే టిక్కు పెట్టేశాడు.

పది రోజుల్లో తుది అనుమతి వచ్చింది. ఉత్తరాన్ని అమ్మాయే పైకి చదివింది, బాగా చదువుతుంది. ‘ఇతర నివాసుల నుంచి గడువులోగా అభ్యంతరాలేవీ అందలేదు. మౌనం అర్ధాంగీకారం గనుక సగం అనుమతి వారే ఇచ్చినట్టు భావించడమైనది. మిగతా సగం ఈ కార్యాలయం మంజూరు చేస్తున్నది.’

అడుగున దరఖాస్తుదారు సంతకానికి చోటు వదిలారు. అమ్మాయి తన కంపాస్ పెట్టెలోంచి పెన్ను తీసి ఇచ్చింది.

“లెక్క సరిపోయిందా నాన్నా?”

సరిపోయిందని సంతకం పెట్టాను.