పసుపు గొడుగు వెంట కాకులు

ఆకలి వేసినప్పుడు తినడం అనాగరికం. గైడ్ చెప్పినప్పుడు తినాలి!

ఈ మాట ఊరికే అనడం లేదు. ముంబై కామాటిపురలో పుట్టి, పక్కనున్న నాగ్‌పాడా దాకా నడిచి, దారిలో దొరికింది తిని, ఇంటికొచ్చి పడుకున్నవాడిగా అంటున్నాను. ఇన్నాళ్లూ మేము నడిచింది ఉత్త నడక. తిన్నది ఉత్త తిండి. ఆ రెండూ కలిపితే ఫుడ్ వాక్ అవుతుందని మాలో ఒక్కడికైనా తట్టిందా?

మా పెద్దలు పాలమూరు నుంచి వచ్చి, తట్టా తాపీ పట్టుకుని ఈ నగరంలో ఎంత నడిచారో! కూలి దొరికే నాకా దాకా నడక. నాకా నుంచి బిల్డింగ్ దాకా నడక. సిమెంట్ తట్టతో మెట్ల మీద నడక. మధ్యలో రొట్టె, ఉల్లిగడ్డ. గొడుగు పట్టుకుని ముందు నడిచే మనిషి లేకపోవడం వల్ల దాన్ని కూలి పని అన్నారు. ఉండి ఉంటే టూర్ అనేవాళ్లు.

ఇప్పుడు ఆ లోటు తీరింది. ప్రతి ఆదివారం పసుపు గొడుగు ఒకటి మా గల్లీలోకి వస్తుంది. గొడుగు కింద గైడ్ స్వప్నిల్. స్వప్నిల్ వెనక ఇరవై మంది గెస్టులు. చేతుల్లో నీళ్ల సీసాలు, మెడలో కెమెరాలు, ముఖాల్లో భక్తి.

వీళ్ల వల్ల మాకు జరిగిన మేలు అంతా ఇంతా కాదు. ఒకప్పుడు కామాటిపుర అనగానే, రెడ్ లైట్ ఏరియా కదా అని టాక్సీవాడు అద్దంలోంచి ఒకసారి చూసి నవ్వుకునేవాడు. పెళ్లిచూపులకు వచ్చేవాళ్లకు మేము నాగ్‌పాడా అడ్రసు చెప్పేవాళ్లం. ఇప్పుడు మర్యాదస్తుల కుటుంబాలు ముందుగా పేర్లు రాయించుకుని మరీ వస్తున్నాయి.

గల్లీ ఇరుకని మేము తిట్టుకునేవాళ్లం. అది హెరిటేజ్ అట! మోరీ వాసన అట్మాస్ఫియర్ అట! నల్లా దగ్గర ఆడవాళ్లు బిందెల కోసం కొట్లాడుకుంటారు కదా, దాని పేరు కమ్యూనిటీ లైఫ్. కెమెరాలు తీసేటప్పుడు కొట్లాట ఆపవద్దని స్వప్నిల్ వాళ్లను బతిమాలుకున్నాడు కూడా. పాపం, వాళ్లకు అప్పుడే సిగ్గు ముంచుకొస్తోంది.

మూల మీది చాయ్‌వాడు ఆశపడి కొత్త స్టీలు కెటిల్ కొన్నాడు. స్వప్నిల్ దాన్ని చూసి ఇంట్లో ఎవరో పోయినట్టు ముఖం పెట్టాడు. మసిపట్టిన పాత కెటిల్‌ను అటక మీది నుంచి దింపించాడు. ఇప్పుడు చాయ్ లోపల కొత్తదాంట్లో మరుగుతుంది. బయట పాతది ఫొటోలు దిగుతుంది.

ఒక్కటే చిక్కు. స్టాపులు ఎక్కువ, మనిషికి కడుపు ఒకటే. కాబట్టి కీమా పావ్‌లో ఒక తుంపు, కబాబ్‌లో ఒక కొస, భజియాలో ఒక కొరుకు. కళ్లు మూసుకుని "ఆహా" అనడం. మిగిలింది ప్లేటుతో సహా గోడ మీద పెట్టడం.

మిగిలింది ఎవరు తింటారు? కాకులు!

టూరిజం వల్ల ఉపాధి పెరుగుతుందని పెద్దలు అంటుంటే నేను నమ్మేవాణ్ని కాదు. మా కాకులను చూశాక నమ్మాను. మిగతా రోజులు అవి ఎక్కడ తిరుగుతాయో తెలియదు. ఆదివారం పసుపు గొడుగు విచ్చుకుందంటే చాలు, వైర్ల మీద వరస కడతాయి. గొడుగు కదిలితే కదులుతాయి. ఆగితే ఆగుతాయి. మాంసం స్టాప్ ఏదో, భజియా స్టాప్ ఏదో గెస్టుల కంటే వాటికే బాగా తెలుసు.

ఇంత మేలు జరుగుతుంటే అడ్డం తిరిగిన మనిషి ఒక్కతే. గంగవ్వ.

ఈసారి పెత్రమాస ఆదివారం పడింది. ఆ అమావాస్య నాడు మేము పోయిన పెద్దలకు వండి పెడతాం. కాకి వచ్చి విస్తరి ముడితే పెద్దలు తిన్నట్టు. అది ముట్టే దాకా ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టకూడదు. గంగవ్వ భర్త గంగారాం కిందటేడు పోయాడు. ఇది ఆయనకు మొదటి పెత్రమాస.

గంగారాం మాట తక్కువ మనిషి. పెళ్లయి ఆమె పాలమూరు నుంచి వచ్చిన రోజున, వండి పెట్టింది తిని ఒక్క మాట అన్నాడు.

"ఉప్పు తక్కువైంది."

బతికినన్నాళ్లూ ఆ మాట మార్చలేదు. ఉప్పు ఎక్కువైన రోజు కూడా అదే అన్నాడు. గంగవ్వ ఏనాడూ ఒప్పుకోలేదు. "నీ నాలుకకు సిమెంట్ పట్టింది" అనేది. వాళ్ల కాపురంలో మాటలంటే దాదాపు ఇవే.

అందుకే ఆమెకు పొద్దుటి నుంచి ఒకటే అనుమానం. బతికుండగా ఒక్క పూటైనా వంక పెట్టకుండా తిననివాడు, పోయాక మాత్రం ముడతాడా? పైగా పెద్దలకు పెట్టే వంట రుచి చూడకూడదు. ఉప్పు ఎంత పడిందో చేతికే తెలియాలి.

కోడలు దర్శన పక్కనే ఉండి అన్నీ అందించింది. దర్శన మరాఠీ ఇంటి పిల్ల. తెలుగు అత్త దగ్గరే నేర్చుకుంది. ఆ ఇంట్లో ఇప్పుడు గంగవ్వతో కుదురుగా తెలుగు మాట్లాడేది ఆమే. కన్న కొడుకు గణేష్ సగం వాక్యం దాటితే హిందీలోకి జారిపోతాడు.

మటన్ కూర, బొబ్బెర గారెలు, పచ్చిపులుసు, జొన్నరొట్టె, పక్కన ఒక బీడీ. మేమంతా గదికో కుటుంబంగా ఉండే చాల్ ముందున్న నల్లా గట్టు మీద విస్తరి పెట్టి, చుట్టూ నీళ్లు తిప్పి, ముగ్గురూ వెనక్కి జరిగి నిలబడ్డారు.

కాకి లేదు.

పావురాలు వచ్చాయి. పిల్లి వచ్చింది. గంగవ్వ కొంగు విసిరి అన్నిటినీ తరిమింది. పొద్దెక్కుతోంది. మటన్ వాసన గల్లీ అంతా తిరిగి వచ్చి గణేష్ ముక్కు దగ్గరే ఆగుతోంది.

"అమ్మా, కబూతర్ తింటే చలేగా నహీ?" అన్నాడు.

"మీ నాయిన పావురం లెక్కుండెనారా?"

"కాకి లెక్క గూడ లేకుండె గదా."

గంగవ్వ ఒక చూపు చూసింది. గణేష్ పిల్లిని తరిమే పనిలో పడ్డాడు.

"అత్తమ్మా, మా ఆయీ ఇంట్ల కావ్‌ళా, అదే కాకి, రాకుంటే మాటిస్తరు" అంది దర్శన. "పోయినోళ్ల మనసుల ఏమున్నదో అది ఎవరన్న చెప్తె, అప్పుడొస్తది."

ఇదేదో బాగానే ఉందనిపించింది గంగవ్వకు. కొడుకును ముందుకు నెట్టింది. గణేష్ విస్తరి ముందు చేతులు కట్టుకున్నాడు.

"నాయినా, గుట్కా బంద్ చేస్త."

వైర్లు ఖాళీ.

"సోమవారం నుంచి" అని కలిపాడు.

"నీ తాపీని పాత సామాన్లోనికి ఎయ్యనయ్యా" అంది గంగవ్వ. "నీ మంచం గూడ అట్లనే ఉంచుత."

వైర్లు ఖాళీ.

అప్పుడు గల్లీ మొదట్లో గోల వినిపించింది. పసుపు గొడుగు! దాని పైన, ఊరేగింపుకు తోరణం కట్టినట్టు, గల్లీ కాకులన్నీ!

స్వప్నిల్ ఎవరో ఇక్కడ చెప్పాలి. మా చాల్‌లో పుట్టినవాడే. మూడో అంతస్తు రాములమ్మ కొడుకు. ఇప్పుడు దూరంగా విరార్‌లో ఉంటున్నాడు. ప్రతి ఆదివారం టూర్‌తో వచ్చి, కింద నిలబడి తల్లికి గొడుగు ఊపుతాడు. పైకి ఎక్కడు. ఎలా ఎక్కుతాడు? పైన స్టాప్ లేదు!

గంగవ్వ ఎదురెళ్లి దారికడ్డంగా నిలబడింది.

"ఒరే బిడ్డా, నీ కాకులల్ల ఒక్కదాన్ని ఇటు పంపుర."

"పెద్దమ్మా, అవి నా కాకులు కావు."

"నీ ఎంటనే తిరుగుతున్నయ్ గదా. ఒక్కటే అడుగుతున్న. మీ పెదనాయిన ఆకలితోటి ఉన్నడు."

"దోన్ మినిట్, పెద్దమ్మా. గెస్టులకు జర హిస్టరీ చెప్పి వస్త."

స్వప్నిల్ గొడుగు పైకెత్తి మా చాల్ వైపు చూపించాడు. ఇంగ్లిష్‌లో మొదలుపెట్టాడు. గొంతులో ఒక జీర తెచ్చుకున్నాడు. ఇరవై మందీ తలలెత్తి గ్యాలరీలను, ఆరేసిన చీరలను, బీటలు వారిన గోడలను చూశారు. ఒకాయన టోపీ కూడా తీశాడు.

"ఏమంటుండే?" అని గంగవ్వ కోడలిని అడిగింది. దర్శన పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది. ఇంగ్లిష్ అర్థమవుతుంది.

దర్శన కొంచెం తటపటాయించింది. "ఈ ముంబైని కట్టిన తెలుగోళ్లు ఇక్కడ ఉండేటోళ్లంట."

"ఉండేటోళ్లా?"

"హా. ఉండేటోళ్లు."

గంగవ్వ తన చేతులు చూసుకుంది. గోళ్ల నిండా మసాలా ఉంది. మూడో అంతస్తు వైపు చూసింది. రాములమ్మ గ్యాలరీలో నిలబడి బియ్యం చెరుగుతోంది. పొట్టు సరాసరి గెస్టుల మీదే పడుతోంది.

"ఒరే స్వప్నిల్. మేం ఉన్నోళ్లమా, ఉండేటోళ్లమా?"

స్వప్నిల్ గొంతు తగ్గించాడు. "పెద్దమ్మా, బురా అనుకోకు. ఉన్నరంటే ఎవరొస్తరు? ఉండేటోళ్లు అంటేనే వస్తరు. పబ్లిక్ జర ఉదాస్ అయితది, మంచి రేటింగ్ ఇస్తది."

ఎంత తెలివైన మాట! బతికున్నవాణ్ని చూడటానికి ఎవరైనా టికెట్ కొంటారా? బతికున్నవాడు నల్లాలో నీళ్లు రావడం లేదంటాడు. మెట్లు విరిగాయంటాడు. ఇల్లు పడగొడితే మళ్లీ ఎక్కడ ఇస్తారని అడుగుతాడు. పోయినవాడు ఒక్కటీ అడగడు. గోడకు బొమ్మలా ఆనుకుని అందంగా ఉంటాడు. చరిత్రకు అంతకంటే మంచి కిరాయిదారు దొరుకుతాడా?

ఈలోగా కెమెరా పట్టుకున్న ఒకావిడ గట్టు మీది విస్తరి చూసింది. ముందుకు వంగి ఏదో అడిగింది. స్వప్నిల్ గబగబా చేతులు అడ్డం పెట్టి వివరించాడు.

"ఇప్పుడేమంటుండు?"

"ఆ ఇస్తారి ఎవ్వరు ముట్టొద్దంట, అత్తమ్మా. ఇక్కడ ఉండేటోళ్లు తినాలంట."

"ఎవరంట?"

"ఉండేటోళ్లు."

"అంటే నేనే గదా" అంది గంగవ్వ.

చీర కుచ్చిళ్లు సర్దుకుని గట్టు మీద కూర్చుంది. విస్తరి దగ్గరికి లాక్కుంది. గణేష్ పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, పాగల్ అయినవా? అది నాయినది."

"జరుగు. ఇద్దరం ఉండేటోళ్లమే. ఒక్క ఇస్తార్ల తింటం."

జొన్నరొట్టె తుంచి, మటన్‌లో అద్ది నోట్లో పెట్టుకుంది. ఇరవై కెమెరాలు లేచాయి. ఆమె వాటిని చూడలేదు. నములుతూ నములుతూ ఆగింది. దవడ కదలలేదు. విస్తరి అవతలి అంచున ఎవరో కూర్చున్నట్టు అటు చూసింది.

"ఉప్పు తక్కువైంది" అంది మెల్లగా.

వైరు మీది నుంచి కాకి ఒకటి దిగింది. విస్తరి అవతలి అంచున వాలి గారె అందుకుంది.

గంగవ్వ కొంచెం జరిగి దానికి చోటిచ్చింది.

గెస్టులు చప్పట్లు కొట్టారు. వాళ్లతోపాటు స్వప్నిల్ కూడా గొడుగు చంకలో పెట్టుకుని చప్పట్లు కొట్టాడు.

"నువ్వెందుకు కొడుతున్నవ్?" అంది గంగవ్వ. "నువ్వు గూడ ఇక్కడ ఉండేటోనివే గదా. కూసో."

"పెద్దమ్మా, టూర్ నడుస్తుంది…"

"కూసో."

కూర్చున్నాడు. దర్శన ఇంకో విస్తరి వేసింది. స్వప్నిల్ ఒక ముద్ద తిని, అలవాటు చొప్పున కళ్లు మూసుకున్నాడు. "వావ్, పెద్దమ్మా. ఎక్‌దమ్ ఆథెంటిక్."

గంగవ్వ కాకి వైపు ఇంకో గారె జరిపింది. పొద్దుటి నుంచి నిలబడ్డ గణేష్ గిన్నెలోంచే ఒక ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు. "ఉప్పు తక్కువైంది" అని ఇంకో ముక్క తీశాడు. దర్శన కూడా రొట్టె ముంచి తిని, "హా అత్తమ్మా, జర తక్కువనే" అంది.

స్వప్నిల్ కళ్లు తెరిచాడు. ఇంకో ముద్ద పెట్టుకున్నాడు. ఈసారి నిదానంగా నమిలాడు. గెస్టుల వైపు ఒకసారి, కాకి వైపు ఒకసారి చూశాడు.

"ఉప్పు తక్కువైంది, పెద్దమ్మా" అన్నాడు.

"ఆఁ. ఇప్పుడొచ్చినవ్ ఇంటికి. నా డబ్బల ఉప్పు అయిపోయింది. మీ అమ్మనడిగి పట్కరా, పో."

స్వప్నిల్ గొడుగు ముడిచాడు. మెట్లెక్కాడు.

గొడుగు లేకపోయేసరికి ఇరవై మందికీ ఎటు నడవాలో తెలియలేదు. కాకులకూ తెలియలేదు. అందరూ నల్లా దగ్గరే నిలబడిపోయారు. చివరికి కెమెరా ఆవిడ గంగవ్వ దగ్గరకు వచ్చి, పొట్ట మీద చెయ్యి పెట్టి, ఆకలేస్తోందని సైగ చేసింది. దర్శన విస్తరి వేసింది. ఆవిడ తిన్నది. ఆకలి వేసినప్పుడు తినడం అనాగరికమని మొదట్లోనే మనవి చేశాను. ఏం చేస్తాం? మా గల్లీ సావాసం!

ఉప్పు కోసం వెళ్లిన స్వప్నిల్ మధ్యాహ్నం దాటినా దిగలేదు. రాములమ్మ కూడా వండింది మరి.

ఫుడ్ వాక్‌ను ఎవరైనా తిడితే నేను ఊరుకోను. స్వప్నిల్ ఆ రోజు నడిచింది మూడంతస్తుల మెట్లు. పైన ఒక్కటే స్టాప్.